వార్ధక్యంలో తోడు ఏ ప్రాణి?

వృద్ధులకు తోడుగా ఏ ప్రాణిని ఎన్నుకోవాలి అనే ప్రశ్న చూడటానికి చిన్నదిగానే కనబడుతుంది. ముద్దుగా ఉన్న కుక్కపిల్లను ఒకదాన్ని కొని తెచ్చి, "నాన్నగారూ, దీనితో మీకు ప్రొద్దుపోతుంది" అని చేతిలో పెట్టే కొడుకులు ఎందరో ఉన్నారు. ఆ పిల్ల ఆరు నెలల్లో ఎంత పెరుగుతుందో, గొలుసు బిగించి ముందుకు ఉరికితే డెబ్బై ఐదేళ్ళ మోకాళ్ళు ఏమౌతాయో, పన్నెండేళ్ళ తరువాత ఎవరిని ఎవరు చూసుకుంటారో ఆ రోజున ఎవరికీ తోచదు. ఇటువంటి విషయాలను ఓపికగా ఆలోచించి, లెక్కకట్టి, ప్రయోగాలు చేసి చూసినవారు ఉన్నారు. వారి కథలో గొప్ప ఆశలున్నవి. కొన్ని ఆశాభంగాలూ ఉన్నవి.

కథ ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో మొదలవుతుంది. అక్కడి పిచ్చాసుపత్రిలో 1790లో హన్నా మిల్స్ అనే క్వేకర్ శాఖకు చెందిన స్త్రీ మరణించింది. ఆమెను చూడబోయిన తోటి క్వేకర్లను లోనికి రానీయలేదు. దీనికి మనసు నొచ్చుకొని విలియం ట్యూక్ అనే తేయాకు వర్తకుడు 1796లో 'రిట్రీట్' అనే పేరుతో వేరే ఆశ్రమం తెరిచాడు. రోగులను గొలుసులతో కట్టివేయడం అక్కడ లేదు. ఆయన మనుమడు శామ్యూల్ ట్యూక్ 1813లో ప్రచురించిన వర్ణనను బట్టి, రోగులు తిరుగాడే ఆవరణలలో కుందేళ్ళను, కోళ్ళను, సముద్రతీరపు గల్ పక్షులను, చివరికి డేగలను కూడ పెంచేవారు. కుందేలు పక్కన డేగను ఎలా నెట్టుకొచ్చారో ఆ ఆశ్రమం వారికే తెలియాలి. ఏమైనా, తనకంటె బలహీనమైన ప్రాణిని చూసుకొనే మనిషికి తనమీద తనకు అదుపు వస్తుందని ట్యూక్ కుటుంబం నమ్మింది. అది నమ్మకమే గాని, ప్రయోగం కాదు.

ఆ తరువాత ఈ సంగతిని ఎత్తినది ఫ్లోరెన్స్ నైటింగేల్. 1859 చివర వెలువడిన రోగి పరిచర్య గ్రంథంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఆమె వ్రాసింది. ఏళ్ళ తరబడి ఒకే గదిలో మంచం పట్టినవారికి పంజరంలోని పక్షి ఒక్కటే సంతోషం కావచ్చునని కూడ చెప్పింది. ఒక రోగికి కొంతకాలం దాది, కొంతకాలం కుక్క తోడుండగా ఆయన కుక్క పరిచర్యకే ఓటు వేశాడట. అది మాట్లాడదు గనుక! దాదులకు గురువైన స్త్రీ ఈ ముచ్చటను తన పుస్తకంలో దాచకుండా వ్రాయడం మెచ్చుకోదగినది. ఆమె స్వయంగా జంతుప్రియురాలు. 1850లో ఏథెన్స్ నగరంలో గూటినుంచి పడిన గుడ్లగూబ పిల్లను చేరదీసి 'ఏథెనా' అని పేరు పెట్టుకొని జేబులో వేసుకు తిరిగింది. ముసలితనంలో ఆమె ఇంటినిండా పిల్లులే. అందులో ఒకదాని పేరు బిస్మార్క్.

నైటింగేల్ మాటలను తరువాత వంద సంవత్సరాలు ఎవరూ పరీక్షించి చూడలేదు. న్యూయార్క్‌లోని యెషీవా విశ్వవిద్యాలయంలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడక ముడుచుకుపోయిన ఒక బాలుణ్ణి తల్లిదండ్రులు అనుకున్న వేళకంటె ముందుగా తీసుకువచ్చారు. లెవిన్సన్ కుక్క 'జింగిల్స్' ఆ సమయానికి గదిలోనే ఉన్నది. అది పరుగెత్తుకువెళ్ళి పిల్లవాడిని నాకింది. పిల్లవాడు దాన్ని దగ్గరకు తీసుకున్నాడు. డాక్టరు చేయలేని పనిని కుక్క చేసింది. 1961లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘ సమావేశంలో ఆయన ఈ సంగతి వివరించినప్పుడు సభ నవ్విందనీ, మీ ఫీజులో కుక్కకు ఎంత వాటా ఇస్తున్నారని ఒకరు అడిగారనీ చెప్పుకుంటారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. 1962లో వ్యాసం ప్రకటించాడు. 1969లో ముసలితనం, పెంపుడు జంతువులు అనే విషయం మీదనే మరొక వ్యాసం వ్రాశాడు. ఉద్యోగం పోయి, జీవిత సహచరుడు పోయి, 'నాతో ఎవరికి పని?' అనుకొనే మనిషికి తనమీద ఆధారపడిన ప్రాణి ఒకటి ఉండటం ఎంత అవసరమో అందులో వివరించాడు.

ఓహయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో శామ్యూల్ కోర్సన్, ఆయన భార్య ఎలిజబెత్ కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేస్తూ ఉండేవారు. కుక్కల కొట్టాలు మానసిక వైద్యశాలకు దగ్గరగా ఉండేవి. మొరుగుడు విని రోగులే "ఆ కుక్కలను మేము చూసుకుంటాము" అని ముందుకు వచ్చారు. ఇతర చికిత్సలకు లొంగని 50 మందికి జంతువులను పరిచయం చేయగా, కాదన్నవారు ముగ్గురే. తరువాత ఆ దంపతులు ఓహయోలోనే మిల్లర్స్‌బర్గ్ అనే ఊరిలోని వృద్ధుల ఆశ్రమంలో ఇదే పని సాగించారు. ఎన్నో ఏళ్ళుగా పెదవి విప్పని ఒక వృద్ధుడు ఎదుటికి తెచ్చిన కుక్కను చూసి మాట్లాడటం అక్కడ జరిగిన సంగతులలో ఒకటి. అంతకన్న పనికివచ్చే విషయం మరొకటి ఉన్నది. ఏ మనిషికైనా ఏ కుక్కైనా సరిపోతుందని కోర్సన్ దంపతులు అనుకోలేదు. మంచం దిగక, ఎవరినీ పలకరించక ఉండేవారి వద్దకు తానే ఎగిరి దూకి పలకరించే టెర్రియర్ జాతి కుక్కను పంపేవారు. ఎన్నిక అనే మాట ఈ శాస్త్రంలో అక్కడ పుట్టింది.

ఈ చరిత్ర అంతటిలో అందమైన ప్రయోగం ఏదంటే 1975లో ప్రకటించిన బడ్జెరిగార్ పక్షుల ప్రయోగమనే చెప్పాలి. బడ్జెరిగార్ ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుక. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో బ్రతికి ఉన్న పక్షులను ఇంగ్లండుకు తెచ్చాడు. వంద ఏళ్ళలో అది ఆ దేశపు పేదవారి ఇళ్ళలో కూడ చేరింది. మన పట్టణాలలో అంగళ్ళవారు 'లవ్ బర్డ్స్' అని అమ్మేది దీనినే. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, అవి వేరు.

రోజర్ మగ్‌ఫర్డ్, మెకొమిస్కీ అనే ఇద్దరు పరిశోధకులు యార్క్‌షైర్ ప్రాంతంలో ఒంటరిగా నివసిస్తున్న పింఛనుదారులను ఎన్నుకున్నారు. వారి వయస్సు 75కు, 81కి మధ్య. సంఖ్య చిన్నది, ముప్పై మందే. కొందరికి తలా ఒక బడ్జెరిగార్ ఇచ్చారు. కొందరికి కుండీలో బెగోనియా మొక్క ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. పక్షి ఇచ్చినవారిలోనూ, మొక్క ఇచ్చినవారిలోనూ టెలివిజన్ ఉన్న ఇళ్ళు, లేని ఇళ్ళు వేరుచేశారు.

మొక్కను ఎందుకు ఇచ్చారు? ఇందులోనే తెలివి ఉన్నది. పక్షి వల్ల వృద్ధుల మనస్సు తేలికపడితే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, నీళ్ళు పోసి సాకవలసిన ప్రాణమొకటి ఇంట్లో ఉండటం. రెండు, ఆ ప్రాణం తిరిగి పలకరించడం. మొక్కకు కూడ నీరు పోయాలి, ఎండ చూపాలి. కాని మొక్క పలకదు. కాబట్టి బెగోనియా పక్కన పెట్టి చూస్తే ఈ రెంటిలో ఏది పనిచేసినదో తేలుతుంది. ఇక టెలివిజన్ మాట. ఇంట్లో ఏదో ఒక శబ్దం ఉంటే చాలు, ఒంటరితనం పోతుంది అనేవారికి అది జవాబు.

అయిదు నెలలు గడిచిన తరువాత ప్రశ్నలడిగి చూస్తే, పక్షి ఉన్నవారికి ఇతరులమీద, తమమీద తమకు సద్భావం పెరిగినట్లు తేలింది. మొక్క ఉన్నవారిలో అంతటి మార్పు లేదు. టెలివిజన్ ఉన్నా లేకున్నా భేదం లేదు. ఇంకొక విశేషం. అంతకు పూర్వం ఆ వృద్ధుల ఇంటికి ఎవరైనా వస్తే సంభాషణ నొప్పుల చుట్టూ తిరిగేది. పక్షి వచ్చాక దాని చేష్టలే ముచ్చట అయినవి. పేరు పెట్టారు, మాటలు నేర్పారు. ఇరుగుపొరుగు పిల్లలు చూడవచ్చారు. ముప్పై, నలభై గ్రాముల పక్షి తానొక్కతే తోడు కావడమే గాక, మనుషులను కూడ తోడు తెచ్చింది. ముప్పై మందిని చూసి సిద్ధాంతం చేయరాదు, నిజమే. అయినా ప్రయోగాన్ని ఇంత పొందికగా అమర్చినవారు ఈ రంగంలో తరువాత కూడ చాలామంది లేరు.

1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ మరి ముగ్గురితో కలిసి అచ్చువేసిన వ్యాసం పెద్ద అలజడి కలిగించింది. గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన 92 మందిని ఒక ఏడాది గమనించారు. పెంపుడు జంతువు ఉన్న 53 మందిలో ఏడాదిలోగా మరణించినవారు 3. జంతువు లేని 39 మందిలో 11. కుక్కను నడిపించడం వల్ల వ్యాయామం కలిగింది గనుక అనుకుందామంటే, కుక్క గాక ఇతర జంతువులను పెంచుకున్న 10 మందిలో ఒక్కరూ చనిపోలేదు. ఇక పత్రికలు ఊరుకుంటాయా? కుక్కను పెంచితే గుండె బాగుపడుతుందని ప్రపంచమంతటా వ్రాశాయి.

ఫ్రీడ్‌మన్ మాత్రం అక్కడ ఆగలేదు. 1995లో 369 మందితో మళ్ళీ చూసింది. కుక్కలున్న 87 మందిలో మరణించినది ఒక్కరు. కుక్కలు లేని 282 మందిలో 19 మంది. కాని ఈసారి పిల్లుల వల్ల మేలు కనబడలేదు. ఆస్ట్రేలియాలో చేసి 2010లో ప్రకటించిన మరొక పరిశీలనలో జంతువులున్న గుండెరోగులకు మేలు లేకపోగా, ముఖ్యంగా పిల్లులున్నవారి పరిస్థితి మరింత తక్కువగా ఉన్నది. ఇందులో పిల్లి చేసిన పాపమేమీ ఉండకపోవచ్చును. ఒంట్లో సత్తువ ఉన్నవాడే కుక్కను పెంచుతాడు. లేనివాడు పిల్లితో సరిపెట్టుకుంటాడు. కుక్క వల్ల ఆరోగ్యం వచ్చినదా, ఆరోగ్యం వల్ల కుక్క వచ్చినదా అన్న ప్రశ్నకు ఇటువంటి లెక్కలు జవాబు చెప్పలేవు. పైగా ఈ రంగంలో పరిశోధనలకు జంతువుల ఆహారం అమ్మే కంపెనీల ధనం కూడ కొంత వస్తున్నది. చదివేవారు ఆ సంగతి మనస్సులో ఉంచుకోవడం మంచిది.

ఇంకొక సాహసం 1991లో న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరిలో జరిగింది. అక్కడి ఛేజ్ మెమోరియల్ వృద్ధుల ఆశ్రమంలో 80 మంది ఉండేవారు. కొత్తగా వచ్చిన యువ వైద్యుడు బిల్ థామస్‌కు మందులతో తీరని మూడు రోగాలు కనబడ్డాయి. అవి విసుగు, ఒంటరితనం, నిస్సహాయత. నిబంధనల ప్రకారం ఆశ్రమంలో ఒక్క కుక్కను గాని ఒక్క పిల్లిని గాని ఉంచవచ్చు. థామస్ ప్రత్యేక అనుమతి సంపాదించి రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, వంద చిలుకలను తెప్పించాడు. చిలుకలన్నీ ఒకేరోజు దిగినవి. పంజరాలు మాత్రం రాలేదు! తెచ్చినవాడు వాటిని క్రింది అంతస్తులో జుట్టు దువ్వే గదిలో వదలి తలుపు మూసి తన దారిన తాను పోయాడు. పంజరాలు విడి భాగాలుగా వచ్చాక సిబ్బంది కూర్చొని బిగిస్తూ ఉంటే, ఆశ్రమవాసులు కిటికీ వద్ద చేరి కడుపుబ్బ నవ్వారు. ఆ ఇంట్లో అంతగా నవ్వు వినబడి ఎంతకాలమైనదో!

తరువాత జరిగినది నవ్వులాట కాదు. మాట రాదనుకున్నవారు మాట్లాడారు. నడవలేరనుకున్నవారు వచ్చి కుక్కను తాము తిప్పుతామని అన్నారు. చిలుకలన్నింటికీ పెంచుకొనేవారు దొరికారు, పేర్లు పెట్టారు. రెండేళ్ళపాటు దగ్గరలోని మరొక ఆశ్రమంతో పోల్చి చూస్తే ఇక్కడ ఒక్కొక్కరికి వ్రాసే మందులు సగానికి తగ్గాయి, మరణాలు 15 శాతం తగ్గాయి. ఆశ్రమంలో మొక్కలు, తోట, పిల్లల రాకపోకలు కూడ అదే సమయంలో వచ్చాయి గనుక ఈ మేలులో ఎంతభాగం జంతువులదో విడదీసి చెప్పడం కష్టం. బెగోనియా ప్రయోగంలోని పొందిక దీనిలో లేదు. దీనిలోని జీవం దానిలో లేదు.

ఈ ఉత్సాహానికి మరొక పక్క ఉన్నది. అమెరికా రోగనివారణ కేంద్రం 2009లో ఒక లెక్క ప్రకటించింది. 2001 నుంచి 2006 వరకు ఆ దేశంలో కుక్కలు, పిల్లుల కారణంగా కింద పడి దెబ్బలతో ఆసుపత్రికి వచ్చినవారు ఏడాదికి సగటున సుమారు 86,600 మంది. ఇందులో 88 శాతం కుక్కల వల్లనే. కాలికి అడ్డు వచ్చి కొన్ని, గొలుసు లాగి కొన్ని. ఆహారపు గిన్నె తట్టుకొని పడ్డవారు కూడ ఉన్నారు. దెబ్బలు తగిలే ప్రమాదం 75 ఏళ్ళు దాటినవారికి అందరికంటె ఎక్కువ. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే తిరిగి లేవడం అనుమానమే గదా. కుక్కపిల్లను కానుక ఇచ్చే కొడుకు చదవవలసిన లెక్క ఇది.

పక్షి ఇస్తే భయం లేదా? 1929–30 శీతాకాలంలో అర్జెంటీనా నుంచి వచ్చిన చిలుకలతో 'సిటకోసిస్' అనే జ్వరం అమెరికాలోను, యూరపులోను వ్యాపించి వందమందికి పైగా మరణించారు. మేరీలాండ్‌లోని అన్నపోలిస్‌లో క్రిస్మసు కానుకగా కొన్న చిలుక నుంచి ఒక కుటుంబం జబ్బుపడటంతో ఆ దేశంలో గగ్గోలు పుట్టింది. 1930 జనవరిలో అధ్యక్షుడు హూవర్ చిలుకల దిగుమతి నిలిపివేశాడు. రోగాన్ని పరిశోధించే ప్రయోగశాలలో పనిచేసినవారికి కూడ అది సోకి ఒకరు మరణించారు. ఈ జబ్బును కలిగించే సూక్ష్మజీవి ఎండిన రెట్ట ధూళితో ఊపిరిలోకి పోతుంది. టెట్రాసైక్లిన్ వచ్చాక దానికి వైద్యం ఉన్నది. అయినా ముసలివారి ఊపిరితిత్తులకు అది తేలిక జ్వరం కాదు. పంజరాన్ని పొడిగా ఊడ్వక, తడిచేసి తుడవాలి అనే జాగ్రత్త అందుకే.

మన దేశంలో పక్షి మాటకు చట్టం కూడ అడ్డు వస్తుంది. తెలుగు ఇళ్ళ వసారాలలో పంజరంలో రామచిలుక ఉండటం, బామ్మగారు దానికి జామపండు పెట్టి మాటలు నేర్పడం ఒకప్పుడు మామూలు. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలుకను పట్టినా, అమ్మినా, పంజరంలో ఉంచినా నేరమే. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఎన్నో తరాలుగా పంజరాలలోనే పుట్టి పెరుగుతున్న బడ్జెరిగార్‌కు ఈ అడ్డు లేదు.

పక్షిని కూడ చూసుకోలేనంత బలహీనులున్నారు. దక్షిణ కొరియాలో 94 మంది వృద్ధులతో చేసి 2016లో ప్రకటించిన ఒక ప్రయోగంలో సగంమందికి చిన్న పంజరంలో కీచురాళ్ళను ఇచ్చారు. ఎనిమిది వారాల తరువాత వారిలో దిగులు కొంత తగ్గింది. ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా తూర్పు ఆసియా వారికి కొత్త కాదు. చైనాలో టాంగ్ రాజుల అంతఃపురంలో స్త్రీలు బంగారు పంజరాలలో కీచురాళ్ళను పెట్టి రాత్రి తలగడ పక్కన ఉంచుకొని వినేవారట.

జపానువారు ఇంకొక అడుగు వేసి ప్రాణం లేని జంతువునే తయారుచేశారు. తకనోరి షిబాతా అనే ఇంజనీరు 1993లో ఆరంభించిన పని ఫలితంగా 'పారో' అనే యంత్రపు సీలు పిల్ల 2005 నుంచి అమ్మకానికి వచ్చింది. తెల్లని బొచ్చుతో, సుమారు రెండుమ్ముప్పాతిక కిలోల బరువుతో, నిమిరితే కన్నులు మూస్తుంది, పిలిస్తే తల తిప్పుతుంది. పిల్లి, కుక్క రూపాలను ముందు ప్రయత్నించి మానుకున్నారు. నిజమైన పిల్లి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు గనుక యంత్రపు పిల్లి వెంటనే పట్టుబడిపోతుంది. సీలు పిల్లను ఎత్తుకున్నవారు ఎవరు? 2008లో అమెరికాలో సెయింట్ లూయీ వద్ద ఆశ్రమాలలో నిజమైన కుక్కను ఒక వర్గానికి, సోనీ కంపెనీ యంత్రపు కుక్కను మరొక వర్గానికి చూపి ఒంటరితనాన్ని కొలిస్తే రెండు వర్గాలలోనూ ఇంచుమించు సమానంగానే తగ్గింది. ఇది యంత్రానికి గెలుపో, ఎవరో ఒకరు వారం వారం వచ్చి పలకరించడానికి గెలుపో చెప్పలేము.

ఏ జంతువైనా దాన్ని ఉంచుకొనే హక్కు ఉండాలి గదా. ఫ్రాన్సులో 1970లో చేసిన చట్టం అద్దె ఇంట్లో పెంపుడు జంతువును నిషేధించే షరతులను చెల్లకుండా చేసింది. అమెరికాలో 1983లో చేసిన చట్టం ప్రభుత్వ సహాయంతో కట్టిన వృద్ధుల ఇళ్ళలో జంతువులను కూడదనడానికి వీలు లేకుండా చేసింది. మన దేశంలో 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించరాదు. 2011 జనాభా లెక్కలలోనే అరవై ఏళ్ళు నిండినవారు దేశంలో సుమారు 10 కోట్ల 38 లక్షలు. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండి, విజయవాడలోనో హైదరాబాదులోనో మూడు గదుల ఇంట్లో ఇద్దరే, ఒక్కొక్కప్పుడు ఒక్కరే మిగిలిన తెలుగు కుటుంబాలకు ఇది పరాయి సంగతి కాదు.

అన్నిటికన్న కష్టమైన ప్రశ్న ఆయుర్దాయానిది. బడ్జెరిగార్ అయిదారు నుంచి ఎనిమిదేళ్ళు బ్రతుకుతుంది. కుక్క పది, పదమూడు. ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేను ఏళ్ళు దాటవచ్చు. పెద్ద జాతుల చిలుకలు యజమాని మనుమల కాలం దాకా ఉంటాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి కుక్కపిల్లను ఇవ్వడమంటే తొంభై ఏళ్ళ వరకు జరిగే ఒప్పందం వ్రాయడమే. ముందు పోయేది తానైతే అది ఎవరి పాలౌతుంది అన్న బెంగతోనే ఇష్టమున్నా జంతువు వద్దనే వృద్ధులున్నారు. ఇంగ్లండులో 1985లో ఏవరిల్ జార్విస్ అనే స్త్రీ తన కుక్క పేరుతో 'సినమన్ ట్రస్ట్' అనే సంస్థను స్థాపించింది ఈ బెంగను తీర్చడానికే. యజమాని ఆసుపత్రిలో ఉంటే ఆ సంస్థ స్వచ్ఛంద సేవకులు కుక్కను నడిపిస్తారు, యజమాని మరణిస్తే దానికి ఆశ్రయమిస్తారు.

అటువంటి సంస్థ లేనిచోట కొందరు జంతువైద్యులు చెప్పే ఉపాయం వేరు. కుక్కపిల్లను గాక, ఏడెనిమిది ఏళ్ళ కుక్కను, ఎవరో వదలిపెట్టినదానిని, తెచ్చుకొమ్మంటారు. అది ఎంత పెరగవలెనో అంత పెరిగి ఉంటుంది. మెత్తనిదో, కోపిష్టిదో నాలుగు రోజుల్లో తెలుస్తుంది. నేలమీద ఎక్కడపడితే అక్కడ తడిచేసే వయస్సు దాటింది. జంతు శరణాలయాలలో పిల్లలను ఎగబడి తీసుకుపోతారు గాని ఇటువంటి వాటిని అడిగేవారు ఉండరు. రేబిస్ టీకా వేయించి, గొలుసు పొట్టిది పెట్టి, నడవలో దాని గిన్నె ఉంచకుండా గోడవారగా ఉంచితే, పగలు మూడువంతులు అది కూడ కుర్చీ పక్కన నిద్రపోతూనే ఉంటుంది.